హారతి దగ్గర ఆగిపోయే గొంతు

ప్రొద్దుటూరులో బస్సు దిగిన బాలసుబ్బయ్య చంకలో సంచి, సంచిలో ఒక తువ్వాలు, చిన్న సీసాలో నువ్వుల నూనె ఉన్నాయి. చెవి ముక్కు గొంతు డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, ‘గొంతులో ఏ జబ్బూ లేదు స్వామీ, ఒంటి ద్వారా మనసుకు వైద్యం చేసే ఆమె ఉన్నారు, వెళ్ళండి’ అని చీటీ రాసిచ్చాడు. ఒంటికి వైద్యమంటే నూనె పెట్టి ఒళ్ళు పట్టడమేనని ఈయన తేల్చేసుకున్నాడు. జమ్మలమడుగు శివాలయంలో ముప్పై ఏళ్ళుగా అర్చకుడు. ఆయన తేల్చేసుకున్నాక కాదనేవాళ్ళెవరు?

చీటీలో రాసిన ఉమాదేవి గది ఒక బట్టల కొట్టు పైన ఉంది. రెండు కుర్చీలు, ఒక చాప, అంతే. నూనె సీసా చూసి ఆమె నవ్వలేదు. అది ఆయనకు నచ్చింది.

“నూనె అక్కర్లేదు స్వామీ. బట్టలు విప్పే పనీ లేదు. అడక్కుండా మిమ్మల్ని ముట్టుకోను. వద్దనిపిస్తే చెప్పండి, ఆపేద్దాం. ఏడుపు రావచ్చు, వణుకు రావచ్చు, ఏమీ రాకపోవచ్చు. ఒక్క రోజులో అయ్యేది మాత్రం కాదు.”

“కార్తీకం లోపల కాకుంటే నా పని అయిపోయినట్లేనమ్మా,” అన్నాడాయన. “గుడికి పులివెందుల నుంచి వేరే పూజారిని పిలిపిస్తాండారు.”

మూడేళ్ళుగా ఇదే బాధ. పూజంతా బాగానే సాగుతుంది, హారతి వెలిగించేసరికి గొంతు పట్టేస్తుంది. మొదట్లో గంట గట్టిగా వాయించి కప్పిపుచ్చాడు. తర్వాత గుడిలో మైకు పెట్టారు. ఇక దాచేదేముంది? ఆ గుడి కూడా పోతే ఆయనతో మాట్లాడే మనిషే ఉండదు. భార్య కమలాంబ పోయాక ఇంట్లో వండేదీ ఆయనే, తినేదీ ఆయనే. ఈ మూడేళ్ళలో ఆయన్ను తాకినవాళ్ళు కూడా లేరు. మడిలో ఉండే మనిషిని ఎవరు తాకుతారు? ప్రసాదం కూడా చెయ్యి తగలకుండా పైనుంచే వేస్తాడాయె.

“యాడ పట్టేసినట్లుంది స్వామీ? ఆడ చెయ్యి పెట్టండి.”

ఆయన చెయ్యి దానంతటదే లేచింది. గుండె, నెత్తి, పిలక, భుజాలు, కళ్ళు. పూజకు ముందు రోజూ చేసే అంగన్యాసం. మంత్రంతో సహా క్షణాల్లో ముగించేశాడు.

“ఏం తెలిసింది?”

“తెలిసేదేముందమ్మా? అయిపోయింది.”

“ఈసారి మంత్రం వద్దు. గుండె మీద చెయ్యి పెట్టి అట్లే ఉండండి. నేను ఈడనే ఉంటా.”

ముప్పై ఏళ్ళలో ఆ చెయ్యి ఆ చోట ఇంతసేపు నిలిచింది లేదు. చెయ్యి వెచ్చగా ఉంది. దాని కింద ఏదో దడదడలాడుతోంది. ఆ వెచ్చదనం ఎంత హాయిగా ఉందో తెలిసి ఆయనకు సిగ్గేసింది. కాసేపటికి కుడికాలు తలుపు వైపు జరిగింది.

“కాలు యాడికో పోవాలంటాంది స్వామీ.”

“ఇంటికి,” అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ చెప్పనిది చెప్పాడు. కమలాంబ పోయిన రోజు, హారతి చేతిలో ఉండగా పక్కింటి సైదున్నీసా గుడి గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చి, ‘స్వామీ, అమ్మ పడిపోయింది, నిన్నే పిలుస్తాంది’ అని అరిచింది. ఈయన తల తిప్పలేదు. హారతి ముగించి, మంత్రపుష్పం చెప్పి, అందరికీ తీర్థం ఇచ్చి బయల్దేరాడు. వెళ్ళేసరికి కమలాంబ పిలవడం ఆగిపోయి ఐదు నిమిషాలైంది. ఊరంతా ఆయన నిష్ఠను మెచ్చుకుంది. శవం ఇంట్లో ఉండగానే మెచ్చుకుంది. ఒక్కరైనా తిట్టి ఉంటే బాగుండేది.

“అప్పుడు మీ నోటిదాకా వచ్చిన మాట ఏంది స్వామీ?”

బాలసుబ్బయ్య లేచాడు. తలుపు వైపు రెండడుగులు వేశాడు.

“వస్తాండా కమలా!”

కింద కొట్లో బేరమాడుతున్నవాళ్ళు తలెత్తి చూశారు. గొంతులో జీర లేదు, పట్టు లేదు. మైకు అక్కర్లేని పాత గొంతది.

ఆయన తలుపు పట్టుకుని, జవాబు కోసం కాసేపు అక్కడే నిలబడ్డాడు.