రేడియోలో నాది కాని కెపాసిటర్

చదువుకునే రోజుల్లో ఫిజిక్స్ మీద ఉన్న ఇష్టం ఇప్పటికీ పోక, ఈ మధ్య ఇంట్లోనే సొంతంగా కెపాసిటర్ చేస్తున్నాను. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ రెండు ముక్కలు, వాటి మధ్య మిరప విత్తనాల ప్యాకెట్ నుంచి కత్తిరించిన ప్లాస్టిక్ పొర, మూడూ కలిపి ఒక చుట్ట. అంతే. దాన్ని, కెపాసిటర్ పాడైపోయిన మా పాత రేడియోకి ఎన్నిసార్లు తగిలించినా స్టేషన్ పలకలేదు. నిన్న పొద్దున మాత్రం పాట వచ్చేసింది! ఒంగోల్లో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి మరీ వినిపించాను.

ఈ రోజు దుమ్ము తుడుద్దామని రేడియో మూత తీస్తే, నా ఫాయిల్ చుట్టకి ఒకవైపు తీగే లేదు. దాని కింద షాపులో కొన్న కెపాసిటర్ ఒకటి కరిగించిన సీసంతో చక్కగా సోల్డర్ చేసి ఉంది. మా ఇంట్లో అంత నీటుగా సోల్డర్ చేసేది మోటార్లు రిపేరు చేసే మా ఆయన ఒక్కరే.

“ఇదేంటండీ?” అని అడిగాను.

“నువ్వు అన్నం కూడా తినకుండా దాని ముందే కూర్చుంటే చూడలేక పెట్టానే. అయినా ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలిసింది కదండీ!”

నిన్న పాట వచ్చినప్పుడు నాతోపాటు చప్పట్లు కొట్టిన మనిషి! నాకు అదే ఎక్కువ మండింది. ఆయన ముందే ఆ షాపు కెపాసిటర్ పీకేసి నాది తగిలించాను. రేడియో మూగబోయింది. అక్కకి ఫోన్ చేసి, ఆ పాట నా గొప్ప కాదని చెప్పాను.

ఇప్పుడు ఆయన కత్తెర పట్టుకొచ్చి “ఇద్దరం కలిసి చేద్దాం” అంటున్నారు. చెయ్యి వెయ్యనివ్వమంటారా, వద్దంటారా?