కరివేపాకు చెట్టు దేనికి చచ్చింది

నేను పంతానికే కరివేపాకు చెట్టును తాకానని మా ఇంట్లో అందరి నమ్మకం. వాడిపోతుంటే చూడలేక తాకానని ఒక్కరికీ తోచదు.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, తన ఊరు ఏంబలం నుంచి పిలక తెచ్చి మా మిద్దె మీద తొట్టిలో నాటింది. ఇప్పుడు అవ్వ లేదు. ఆకులు పండుబారి రాలడం మొదలైనప్పటి నుంచి నేను పుల్లమజ్జిగ పోశాను, నీడకు జరిపాను, పైమట్టి మార్చాను. ఏదీ పనిచేయలేదు.

ఈ రోజు గోటితో బెరడు గీకి చూశాను. లోపల ఎక్కడా పచ్చదనం లేదు. చెట్టు మొదలు దగ్గర తవ్వితే మట్టి సబ్బు వాసన కొట్టింది. వెనక్కి తిరిగితే అమ్మ, చేతిలో వాషింగ్ మెషిన్ నీళ్ల బకెట్.

"అమ్మా, దినమూ ఈ నీళ్లేనా పోస్తా ఉండావు?"

"ఊరికే పారబోసేదేంటికి? నీళ్లకు చెట్టు సస్తుందా ఏందే? తీట్టు దినాల్లో నువ్వు తాకినావు, దాంతోనే సచ్చింది. మా అమ్మ చెట్టును తినేసినావు గదే!"

నెలసరికి అంత బలముంటే మిద్దె మీద గడ్డి పీకే పనే ఉండేది కాదు, తాకితే సరిపోయేది. అదే అన్నాను. అమ్మ బకెట్ తీసుకుని పక్కనున్న మల్లె తొట్టిలో పోసింది.

మీ ఇళ్లల్లో చెట్లు దేనికి చస్తాయో చెప్పండి.

అవ్వ నాటిన తల్లిచెట్టు ఏంబలంలో మామ ఇంటి వెనక ఇంకా ఉంది. రేపు బస్సెక్కి పోయి పిలక తవ్వి తెస్తాను. రేపు నాకు రెండో దినం. నా చేత్తోనే నాటుతాను.