అద్దంలాంటి హెడ్డును కోసిన పొద్దు

నా చిన్నప్పుడు మా మామ తయారుచేసిన మోటార్‌సైకిల్ చిక్కడపల్లిలో స్టార్టయితే, ఆ చప్పుడుకు అంబర్‌పేటలో పావురాలు లేచేవి. సరే, అంబర్‌పేట దాకా వద్దు, నారాయణగూడ చౌరస్తాలో లేచేవి. అక్కడి పావురాలు ఏ చప్పుడూ లేకున్నా లేస్తూనే ఉంటాయి, అది వేరే సంగతి.

నాకిట్లా ఉన్నదానికి నాలుగు కలిపి చెప్పే అలవాటుంది. చెప్పినంక కలిపింది తీసేసే అలవాటు కూడా ఉంది. మొదటిది పుట్టుకతోనే వచ్చింది. రెండోది మాత్రం ఒక ఎండాకాలం పొద్దున, మా మామ చేతిలో రంపం చూసినప్పటి నుంచి అంటుకుంది.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. మా ఇంటి ముందరి గదే ఆయన షెడ్డు. పేరుకు అందరి బండ్లూ బాగుచేసేవాడు గానీ మనసంతా పందెం బండ్ల మీదే. ఊరవతల ఎవరూ వాడని పాత విమానాల మైదానం ఒకటుండేది. అక్కడ అప్పుడప్పుడు మోటార్‌సైకిల్ పందేలు పెట్టేవాళ్ళు. బండిని మామ తయారుచేసేవాడు, పక్కింటి అక్క తమ్ముడు నడిపేవాడు. అతన్ని నేను అన్న అని పిలిచేవాణ్ణి. మీసం సరిగ్గా రాని వయసు అతనిది, భయం అసలే రాలేదు.

బండి ప్రాణమంతా హెడ్డులోనే ఉంటదని మామ మాట. ఇంజన్ నెత్తిన కూర్చునే అల్యూమినియం ముద్ద అది. దాని లోపల రెండు దారులుంటాయి. ఒకదాని నుంచి పెట్రోలు కలిసిన గాలి లోపలికి వస్తుంది, ఇంకోదాని నుంచి పొగ బయటికి పోతుంది. ఆ దారులు సాఫీగా ఉంటే ఇంజన్ బాగా ఊపిరి తీసుకుంటుంది, ఊపిరి బాగుంటే పరుగు బాగుంటుంది. అందుకే మామ పాత సామాన్ల బజారుకు పోయి, మా అమ్మ వంకాయలు ఏరినట్టు హెడ్లు ఏరేవాడు. వేలితో కొట్టి చప్పుడు వినేవాడు. దారిలోకి చిటికెన వేలు పోనిచ్చి కళ్ళు మూసుకునేవాడు. "ఏం సాబ్, హెడ్డు చూస్తున్నవా, నాడి చూస్తున్నవా?" అని దుకాణమాయన ఎక్కిరించేవాడు.

ఆ ఏడు రెండు హెడ్లు తెచ్చాడు. ఒకే అచ్చులో పోసినవి, పైకి చూస్తే కవలలే. ఒకదాన్ని పక్కన పెట్టి, రెండోదాని దారులు తొలవడం మొదలుపెట్టాడు. సన్నటి ఆకురాయితో గీకడం, వేలు పెట్టి చూడడం, మళ్ళీ గీకడం. ఇంకా పెద్దగా చెయ్యమని నేను పక్కన నిలబడి తొందరపెట్టేవాణ్ణి. "గొంతు మరీ వెడల్పయితే గాలి మెల్లగైతదిరా, ఎంత కావాల్నో అంతే" అనేవాడు.

ఆయన గీకినంక గరుకు కాయితంతో నున్నగా రుద్దే పని నాది. సెలవులన్నీ రుద్దాను. నా రుద్దుడికి ఆ హెడ్డు అద్దమై, మా అమ్మ దాంట్లో చూసుకుని బొట్టు పెట్టుకునేది. లేదు, పెట్టుకోలేదు. కానీ ఒకరోజు దాన్ని చూసి, "ఇంట్ల గిన్నెలు కూడా గిట్లనే తోమితే ఏం పోతదిరా?" అన్నది మాత్రం నిజం. ఆ దారుల్లో ఏ మూల ఎంత నునుపో చీకట్లో కూడా చెప్పగలిగేవాణ్ణి. అంత ప్రేమగా నేను ఏ వస్తువునూ చూసుకోలేదు.

మామకూ దాని మీద గర్వమే. నారాయణగూడ ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ, "ఈసారి పట్నంల నా హెడ్డును కొట్టే హెడ్డు లేదు" అని పది మంది ముందు అనేవాడు. గల్లీ అంతా నమ్మింది. నేనైతే మరీ నమ్మాను.

పందేనికి ముందటి రోజు పొద్దున, హెడ్డు బిగించే వేళకు పక్కింటి అక్క వచ్చింది. అక్క నోటికి జడిసి మా గల్లీలో ఆటోలు హారన్ కొట్టకుండా పోయేవి. ఈ మాటకు మాత్రం నేనేమీ కలపలేదు. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని బండి తుడుస్తుంటే, అక్క గడప మీదే నిలబడి మామను అడిగింది.

"అన్నా, రేపు మావోడు దీంతోనే ఉరుకుతడా?"

"ఉరుకుడేంది చెల్లె, ఎగురుతడు."

"ఎగిరేటివి పిట్టలు. వీడు మా అమ్మ కన్న మనిషి. మస్తు మెరుస్తుంది గని, లోపలంత మంచిగున్నదా?"

"వేలు పెట్టి చూసిన."

"వేలికి కండ్లుంటయా అన్నా? నా తమ్ముణ్ణి నీ వేలు మీద నమ్మకంతోని పంపాల్నా?"

"అక్కా, ఇజ్జత్ తియ్యకు, ఇంటికి పో" అంటూ మా అన్న నవ్వాడు. మామ నవ్వలేదు. హెడ్డును చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పాడు. ఏదో ఒక మాట అని అక్క నోరు మూయిస్తాడని నేను చూస్తున్నాను. ఆయన దాన్ని బల్లకున్న వైసు దవడల మధ్య బిగించి, ఇనుము కోసే రంపం అందుకుని, సరిగ్గా నడుమ నుంచి కోయడం మొదలుపెట్టాడు.

నా గుండె ఆగిపోయింది. ఇది కలిపి చెప్పేది కాదు. తెల్లటి పొడి బల్ల మీద రాలుతుంటే నా సెలవులన్నీ రాలిపోతున్నట్టే ఉంది. అక్క మీద కోపంతో మామకు పిచ్చెక్కిందనుకున్నాను. అక్క కూడా అదే అనుకుంది. పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "అన్నా, నేనేదో నోటికొచ్చింది అన్న. గంత కోపమా? ఆపు!"

"కోపం కాదు చెల్లె. లోపల ఎట్లున్నదో నాకు తెల్వదు."

నాకు తెల్వదు. ఆ మాట మామ నోట నేను అప్పటిదాకా వినలేదు. కోత కన్నా ఆ మాటకే ఎక్కువ అదిరిపడ్డాను.

రంపం ఆగుతూ సాగుతూ చివరికి బయటపడింది. హెడ్డు రెండు చెక్కలైంది. మామ ఒక చెక్కను వెలుతురుకు పెట్టాడు. పొగ పోయే దారికి ఒక పక్క గోడ నా బొటనవేలంత మందంగా ఉంది. ఎదుటి పక్క ఉల్లిపొర. మామ స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కితే, అది చప్పుడు లేకుండా అవతలికి దిగింది.

మామ పీట మీద కూలబడ్డాడు. కాసేపటికి, మాతో కాదు, తనతో తానే చెప్పుకున్నట్టు చెప్పాడు. పోత పోసేటప్పుడే లోపలి ఇసుక అచ్చు కొంచెం జరిగినట్టుంది. గోడ అప్పుడే ఒక పక్కకు పల్చనైంది. పైకి తెలియదు. అది తెలియక ఆయన అదే పక్క ఇంకా గీకాడు. "రేపు వేడికి ఇక్కడ పగులుతది. ముక్క విరిగి వాల్వు సందుల నుంచి లోపల పడితే ఇంజన్ బిగుసుకపోతది. వెనక చక్రం ఆగుతది. వీడు మాత్రం ఆగడు."

అన్న మొహంలో నవ్వు పోయింది. అక్క తమ్ముడి పక్కన చతికిలబడి అతని చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"మరి ఆ పక్కన పెట్టిన హెడ్డు?" అని చివరికి అన్నే అడిగాడు.

"దాని లోపల కూడా నాకు తెల్వదు. ఆకురాయి తాకియ్య. ఫ్యాక్టరీల ఎట్ల పుట్టిందో అట్లనే పెడ్త."

ఆ చెక్కల్ని మామ గోనెసంచిలో చుట్టి పడేస్తాడని అనుకున్నాను. హోటల్లో అన్ని మాటలన్న మనిషి కదా. ఆయన వాటిని కోసిన మొహాలు పైకి పెట్టి మా ఇంటి అరుగు మీద పరిచాడు. పోయేవాళ్ళంతా ఆగారు. "ఏంది భాయ్, పందేనికి ముందే కొబ్బరికాయ కొట్టినవా?" అని ఒకాయన నవ్వాడు. మామ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వేలు పెట్టి చూపించాడు. "ఇగో, ఈడ చూడు. గిది నేనే ఎక్కువ గీకిన." వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. నేను తలుపు వెనక నుంచి చూస్తూ, మామను ఎవరో కొడుతున్నట్టు ఏడ్చాను.

మర్నాడు పందెంలో అన్న మొదటొచ్చాడు.

రాలేదు. అందరి దుమ్మూ తిని, ఆఖరోడి కన్నా కొంచెం ముందొచ్చాడు. ఇంటికొచ్చాక అక్క కొంగుతో అతని మొహం తుడుస్తూ, "గింత మెల్లగ పోయేటందుకు బండి ఎందుకురా, సిటీ బస్సు ఎక్కరాదు?" అని తిట్టి, మొహం అటు తిప్పుకుంది. మామ మాత్రం ఆ పూట ఎంత తిన్నాడో, అంత అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఉంటున్నాను. చుట్టూ హాస్టళ్ళు, పరీక్షలకు చదివే పిల్లలు. మామ లేడు. చిల్లు పడ్డ చెక్క నా బల్ల మీద ఉంది. నేను రుద్దిన మెరుపు ఎప్పుడో పోయింది, కోసిన మొహం మాత్రం అట్లాగే ఉంది. నిన్న సాయంత్రం పక్క హాస్టల్ పిల్లవాడు దాన్ని చూసి ఇదేంది తాతా అని అడిగితే, పందేలు, పావురాలు, అన్న మొదట రావడం, అన్నీ చెప్పి పంపాను. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. వాడు పోయినంక ఎందుకో ఆ చిల్లు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను.

పొద్దున చాయ్ బండి దగ్గర కనిపించాడు. వెనక్కి పిలిచి, అన్న మొదట రాలేదని చెప్పాను.