పలికే చుక్కలు

మా అమలాపురం ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే పెద్దాయన కింద నేను పనిచేసేవాణ్ణి. ఎక్కువగా కిందా మీదా పడేవాణ్ణి. రోగుల వివరాలు మూడు సర్వర్లలో ఒకేలా ఉండేవి. ఆ మూడింటినీ కనిపెట్టుకుంటూ, అడిగిన వివరాలు తెరిచిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను ఆయన కంప్యూటర్లోనే కంటైనర్ అనే ఓ డబ్బాలో నడిపేవారు. దాని జ్ఞాపకాన్ని మాత్రం ఆ డబ్బా బయట దాచేవారు కాదు. కొత్తగా మొదలుపెట్టిన ప్రతిసారీ అది అన్నీ మరిచిపోయేది. ఆయన ఓపిగ్గా సర్వర్ల పేర్లు మళ్లీ ఎక్కించి, మొదటి సర్వర్ని “పెద్దన్నయ్యగారూ, ఉన్నారాండీ?” అని పలకరించేవారు. తెరమీద పచ్చచుక్క వెలిగితే, సర్వర్ తరఫున తనే “ఆయ్” అనేవారు.

“బయట దాచేస్తే ఈ బాధ ఉండదు కదండీ?” అన్నానోసారి.

“పలకరించడం మానేస్తే మనుషులే మర్చిపోతారండి. డబ్బాదేముంది!”

ఆయన పోయిన కొద్దిరోజులకు, గాలివాన మధ్యాహ్నం కంటైనర్ చెడిపోయింది. డయాలసిస్ రోగులు ఎదురుచూస్తున్నారు. అది లేవకపోతే వాళ్ల వివరాలు తెరుచుకోవు. కొత్తది మొదలుపెట్టాను. నేనింకా ఒక్క పేరూ ఎక్కించలేదు. మూడు పచ్చచుక్కలు వెలిగాయి. వివరాలు తెరుచుకున్నాయి.

తర్వాత నాలుగోది వెలిగింది. దానికి పేరు లేదు. మాకున్నవి మూడే సర్వర్లు.

“ఉన్నారాండీ?” అన్నాను.

చుక్క ఒకసారి ఆరి, వెలిగింది.

“ఆయ్” అన్నాను, ఆయన తరఫున.