ఎర్ర పోగు కట్టిన వంకాయ

మా చెల్లెలి మొగుడు బొజ్జన్న మొదటి గెలుపు ఒక వంకాయ. ఒకే ఒక్కటి. మూడేళ్లు వరుసగా మొక్కలన్నీ మాడిపోయిన దొడ్లో, నాలుగో ఏడు, అంటే 1921 మాఘమాసంలో, బతికి బట్టకట్టిన ఒకే చెట్టుకు కాసింది. కోడిగుడ్డంత తెల్లటి కాయ. ఒక్క వంకాయకు ఇంత చెప్పాలా అని ఎవరైనా నవ్వుకోవచ్చు. మా బావి నీళ్లు నోట్లో పోసుకున్నవాళ్లు నవ్వరు.

మాది కమలాపురానికి రెండు కోసుల దూరంలో ఉన్న సాలెవీధి. ముప్పై మగ్గాలకు ఒక్క బావి. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మటిక అనే గోరుచిక్కుడు, అలసంద ఎట్లాగో తట్టుకుంటాయి గాని, వంగనారు నాటిన పది రోజులకే ఆకుల అంచులు కాలిపోతాయి. మా పెద్దలు దొడ్లో వంగ వేయడం ఎప్పుడో మానుకున్నారు. పెళ్లయిన ఏడాదే బొజ్జన్న దాన్ని పట్టుకున్నాడు. పక్కింటి చౌడమ్మ గోడ మీదుగా తొంగిచూసి ఊరుకునేది కాదు.

"మొగ్గం గుంటలో ఉండాల్సిన కాళ్లు మట్టిలో ఏం చేస్తాండాయి బొజ్జన్నా? ఆ వంగ కాసిన పొద్దు నా ముక్కుపుడక తీసి నీ పెండ్లానికి ఇస్తాలే."

కాసింది. అతను పోయి అడిగాడు. "ముక్కుపుడక ఏదత్తా?"

"ఒక్క కాయకు ముక్కుపుడకనా? బుట్ట నిండినాక అడుగుపో."

ఆ ఒక్క కాయను బొజ్జన్న ఎవరినీ తాకనివ్వలేదు. మగ్గం మీదినుంచి ఎర్ర పోగు తెంపుకొచ్చి కాడకు చుట్టాడు. కాయ పసుపుపచ్చగా పండి తొక్క ముడతలు పడేదాకా చెట్టునే ఉంచి, గింజలు తీసి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి పిడతలో దాచాడు. మరుసటేడు నలభై మొక్కలకు పదకొండు నిలిచాయి. ఆ పై ఏడు ఇరవై ఆరు. ఎండలు ముదిరి బావి అడుగంటి, ఉన్న నాలుగు బిందెల నీళ్లూ కటిక ఉప్పయిన రోజుల్లో దొడ్లోకి పోయి నిలబడేవాడు. వాడిపోకుండా ఉన్న రెండు చెట్లను చూసుకుని, వాటి కాయలకే పోగు చుట్టేవాడు.

"వానాకాలంలో అన్ని చెట్లూ మంచియ్యే బావా. ఇప్పుడు సూడాల దాని సంగతి" అనేవాడు నాతో.

అట్లా ఇరవై రెండేళ్లు. ఏటా మృగశిరకు ముందు వీధిలో ఇంటికి పన్నెండు మొక్కలు పంచాడు. ఎవరి దొడ్డికి ఏది పడుతుందో అతనికే తెలుసు. గంజినీళ్లు పారే దొడ్డికి బీర, ఎండ విడవని దొడ్డికి మటిక, వంగ మాత్రం అందరికీ. మసీదు సందులోని సాయిబులు కూడా బుట్టలు పట్టుకుని వచ్చేవారు. ముప్పై నాలుగులో వానలు ఎగ్గొట్టినప్పుడు కమలాపురం సంతకు వంకాయలు పోయింది మా వీధినుంచే. ముప్పై ఆరులో వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకాయన గుర్రబ్బండిలో వచ్చి, నీళ్లు రుచి చూసి ఉమ్మేసి, కాయ చూసి ఆశ్చర్యపోయి, ఈ రకం పేరేమిటని అడిగాడు.

"వంకాయే సామీ" అన్నాడు బొజ్జన్న.

ఆయన అదే రాసుకుపోయాడు.

ఒక కట్టుబాటు మాత్రం వీధి మొత్తానికీ ఉండేది. ఎర్ర పోగు ఉన్న కాయను ఎవరూ కోయకూడదు. నడక రాని పిల్లలకు కూడా అది తెలుసు. నారు ఏటా బొజ్జన్న ఇస్తాడు గనుక విత్తనం దాచుకోవాలని ఎవరికీ తోచలేదు. సంక్రాంతి దాటితే తమ చెట్లు పీకి పొయ్యిలో పెట్టుకునేవారు.

నలభై మూడులో నూలు దొరకడం ఆగిపోయింది. మగ్గం గుంటల్లో సాలీళ్లు గూళ్లు కట్టాయి. వీధిలో సగంమంది మగవాళ్లు సోలాపురం మిల్లులకు పోయారు, వాళ్లలో బొజ్జన్న ఒకడు. కమలాపురం స్టేషన్లో రైలెక్కుతూ మా చెల్లెలు గురమ్మతో అతను చెప్పింది ఒకటే. "మొగ్గం ఆగితే ఆగనీ. విత్తనం మాత్రం పోనీయొద్దు. వచ్చి నేను నాటతా."

ఒక్క ఏడాది అన్నాడు. మూడేళ్లయింది. గురమ్మ ప్రతి ఏడూ కాయ ఎంచింది, పోగు కట్టింది, నారు పోసింది, పంచింది. నాలుగో తరగతి దాకా చదివాను గనుక ఉత్తరాలు నేను రాసేవాణ్ణి. "చెట్లు బాగుండాయని రాయన్నా" అనేది. ఇంకేమైనా రాయాలా అని అడిగితే, "చెట్లు శానా బాగుండాయని రాయి" అనేది. అతని మగ్గం గుంటను రోజూ ఊడ్చేది. అందులో ఊడ్వడానికి ఏమీ ఉండేది కాదు.

ఈ ఏడు శివరాత్రి దాటాక ఒక పెళ్లి చీరకని నాకు కాస్త నూలు దొరికింది. చీర సగమయ్యాక అంచులో ఎర్ర పోగులు మూడు తెగాయి. అతికించడానికి ఇంట్లో ఎర్ర ముక్క లేదు, వీధిలో లేదు. చెల్లెలి దొడ్లో విత్తనానికి ఉంచిన రెండు వంగచెట్ల కాయల కాడలకు చుట్టిన పోగులు గుర్తొచ్చాయి. పోయి విప్పాను, వాటి చోట నార కట్టాలనుకున్నాను. మగ్గం మీద కూర్చున్నాక ఆ సంగతి మరిచిపోయాను.

మరునాడు మధ్యాహ్నం గురమ్మ గిన్నెలో కూర తెచ్చి పెట్టింది. రెండోసారి వడ్డించుకున్నాక అడిగాను.

"యాడివి కాయలు?"

"దొడ్లోవి. పోగు లేనివి సూసే కోసినా."

నా చేయి కంచంలోనే ఆగిపోయింది. నా మొహం చూసి లేచి దొడ్లోకి పోయింది. వచ్చి గడపలో నిలబడింది.

"పోగులు యాడన్నా?"

"చీర అంచులో ఉండాయి."

ఆమె గిన్నె తీసుకుని పోయింది. ఆ రెండు చెట్లు మళ్లీ పూత పట్టలేదు, ఎండకు అట్లే ఎండిపోయాయి. పదిహేను రోజులు ఉత్తరం రాయనివ్వలేదు. చివరికి తనే కార్డు పట్టుకొచ్చింది.

"రాయి. ఈడ నూలూ లేదు, వంగా లేదంటే ఆయప్ప ఇంక యానికి వస్తాడు? అయినా రాయి."

తప్పు నాదని ఉన్నదున్నట్టు రాశాను. ఉగాది మరునాడు జవాబు వచ్చింది. గట్టిగా చదివి వినిపించాను.

"బావా, చీర అంచు బాగా కుదిరిందా? మొగ్గం మీద కూచుంటే నీకు దేవుడి మెళ్లో దండ కూడా పోగు మాదిరే కనపడతాది, ఆ సంగతి నాకు తెలీదా? అందుకనే పోయేముందు ఒక చిటికెడు గింజలు వేరే దాచిపెట్టినా. వంటింటి కప్పులో మూడో వాసం కింద వెదురుబొంగు ఉండాది. మూతికి మైనం పెట్టినా. మూడేండ్ల గింజ, మొలుస్తాదో లేదో చెప్పలేను. మొలిస్తే రాయి. నాటే పొద్దుకు వస్తా."

"మొలవకపోతే?" అంది గురమ్మ.

"దాని గురించి ఏం రాయలేదు."

"ఇంకోసారి సదువు."

మళ్లీ చదివాను. అందులో కొత్తగా ఏమీ లేదు.

ఉగాది పోయిన వారానికి పగిలిన బాన అడుగులో ఎర్రమట్టి, పాత ఎరువు నింపి, వెదురుబొంగులో దొరికిన ఇరవై మూడు గింజలు వేసింది. పది రోజులకు మొలవాలి. మొలవలేదు. పన్నెండో రోజు ఎండలో పాపాఘ్ని ఏటి దాకా నడిచి, ఇసుకలో చెలమ తోడి, బిందెడు తియ్యనీళ్లు తెచ్చింది. బాన ముందు చాలాసేపు నిలబడింది. నారుకు మొదటినుంచీ ఉప్పునీళ్లే తాపాలనేది బొజ్జన్న పద్ధతి, తియ్యనీళ్లు మరిగిన మొక్క మన దొడ్లో బతకదని. ఆ బిందె మా ఇంట్లో దించి, "తాగండి" అని పోయింది. చేదబావి నీళ్లే చిలకరించింది.

పదిహేడో రోజు పొద్దున రెండు మొలకలు మట్టిని ఎత్తాయి. వారం తిరిగేసరికి ఆరయ్యాయి. ఒకదాన్ని కోడి కెలికేసింది. అప్పటినుంచి చౌడమ్మ కర్ర పట్టుకుని బాన పక్కనే కూర్చుంటుంది. ఎనభై ఏళ్ల మనిషి, కళ్లు సరిగా కనబడవు. చప్పుడైన దిక్కుకల్లా కర్ర విసురుతుంది. రెండుసార్లు నాకే తగిలింది.

"పుడక సంగతేందత్తా?" అన్నాను.

"బుట్ట నిండనీ. నీ కూరకు పోంగా మిగిల్తే సూద్దాం."

మొలిచాయని ఆ వారమే రాశాను. జవాబుకు ఇరవై రోజులు పట్టింది. ఆ ఇరవై రోజులూ గురమ్మ రైలు కూత వినబడినప్పుడల్లా చేతిలో పని ఆపి, కూత పోయాక మళ్లీ మొదలుపెట్టేది. నేతగాళ్ల సొసైటీకి మళ్లీ నూలు వస్తుందని తోటివాళ్లు చెప్పారట, మిల్లు మానేసి పూర్తిగా వస్తున్నానని రాశాడు బొజ్జన్న. చదువు రాకపోయినా ఆ కార్డును గురమ్మ మడిచి వెదురుబొంగులో దాచుకుంది.

ఇప్పుడు నారు జానెడు పొడుగుంది. ఐదు మొక్కలకు ఐదు గుంటలు తీసి పెట్టింది. నేను చీరలో వాడినదానికి బదులు ఒక చిలప ఎర్ర నూలు సంపాదించి ఇచ్చాను. దాన్ని దండెం మీద వేసింది. వేర్లు బానకు తన్నుకుంటున్నాయి, నాటేద్దామని నేనంటే వినదు. "ఆయప్ప నాటతానన్నాడు" అంటుంది. మధ్యాహ్నం ఎండకు తలలు వాలుస్తాయి, సాయంత్రం నీళ్లు పోస్తే లేస్తాయి. ఇంకా కొన్నాళ్లు ఆగగలవు. సోలాపురం నుంచి అతను వచ్చే ప్యాసింజరు కమలాపురంలో ఆగేది మృగశిర కార్తె ప్రవేశించే శనివారం, 1946 జూన్ ఎనిమిదో తేదీ.