టైల్స్ మేస్త్రి నీళ్లలో దిగిన రోజు

"గుచ్చమన్నానా, కెలకమన్నానా? మీరే చెప్పండి వదినా! అడుగు వేసే ముందు కర్రతో మెల్లగా గుచ్చి చూసుకోండీ అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మీ తమ్ముడు ఆ మడుగు మొత్తం చిలికి పారేశారు!"

పెరటి గచ్చు మీద పీట వేసుకుని, బూట్లకు పట్టిన బురదను పైపుతో కడుగుతూ ఆమె అన్నది. ఆడపడుచు వంటింటి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుని వింటోంది. తమ్ముడి మీద ఎంత పెద్ద ఫిర్యాదు వచ్చినా ఆవిడ అడ్డు తగలదు. "ఊఁ, తర్వాత?" అంటుంది, అంతే. అందుకే చెప్పుకోవాలంటే ఆమెకు ఆవిడే కావాలి.

ఊరి చివర చిత్తడినేల ఉంది. సెలవులకు వచ్చినవాళ్లను మోకాలిలోతు నీళ్లలో వరసగా నడిపించి అదంతా చూపించడం ఆమె ఉద్యోగం. జమ్ముగడ్డి మధ్య దిగి, నీళ్లలోనే పెరిగిన చెట్ల గుంపు దాటితే ఒక మడుగు వస్తుంది. అక్కడ అందరినీ కదలకుండా నిలబెడుతుంది. కాసేపటికి ఒండ్రు అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. దాక్కున్న చిన్న చిన్న చేపలు ఒక్కొక్కటే బయటికొచ్చి మనుషుల కాళ్ల చుట్టూ తిరుగుతాయి. అప్పటిదాకా వాగుతున్నవాళ్లు కూడా నోరు మూసుకుంటారు. ఆ కాసేపటి కోసమే ఆమె ఈ పని వదల్లేకపోతోంది.

వదిలెయ్యమని పోరుపెట్టింది భర్తే. ఆయన టైల్స్ మేస్త్రి. ఆయనకు పనులు ఇప్పించే టైల్స్ షాపు యజమాని కౌంటర్లో కూర్చోవడానికి మనిషి కోసం చూస్తున్నాడు. "ఫ్యాను కింద పని. ఆ బురదలో ఏముందే నీకు?" అని రోజూ అదే పాట. చివరికి ఒకరోజు, "సరే, వచ్చి చూస్తాను. నాకేమీ కనిపించకపోతే సోమవారం నుంచి నువ్వు కౌంటర్లో కూర్చోవాలి" అన్నాడు. ఆమెకు ఒళ్లు మండి, "అలాగే" అనేసింది. అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది.

ఆదివారం రానే వచ్చాడు. బూట్లు ఇచ్చే గదిలో అడుగు పెడుతూనే వంగి నేల చూసి, "ఎవడు వేశాడే ఈ గచ్చు? వాలంతా తలుపు వైపే ఉంది" అన్నాడు. సెలవుల్లో వచ్చిన ఒక టీచరమ్మ, ఆవిడ చెల్లెళ్లు, కొత్తగా పెళ్లయిన జంట అక్కడే బూట్ల లేసులు బిగించుకుంటూ ఆయన్ను వింతగా చూశారు.

నీళ్లలో దిగాక అసలు కథ మొదలైంది. వరసలో ఆమె వెనకే ఆయన. వేసిన టైలు కింద సిమెంటు సరిగా పడిందో లేదో తాపీ పిడితో కొట్టి చూడటం జీవితమంతా చేసిన పని. చేతిలో కర్ర ఉంటే ఊరుకుంటాడా? అడుగడుగునా నీళ్లలోకి పొడిచి, చెవి వంచి వింటున్నాడు.

"ఇక్కడ డొల్లగా ఉంది."

"అది నేలండీ, టైలు కాదు."

"నేలైతే మాత్రం? డొల్ల డొల్లే."

పొడిచిన చోటల్లా బురద పైకి లేచింది. వెనక వచ్చేవాళ్లకు మట్టినీళ్లు తప్ప ఏమీ లేవు. "చేపలు కనిపిస్తాయన్నారే?" అని టీచరమ్మ అడిగింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. వీళ్ల సంగతి అటుంచి, ఈ మనిషికేం కనిపిస్తుంది? రేపు కౌంటరే గతి. భర్తను వరస చివరికి పంపింది. చివర ఉండే రకమా ఆయన? పక్కనుంచి ముందుకొచ్చి, "ఇటు గట్టిగా ఉంది, అందరూ ఇటు రండి!" అని పిలిచి, ఆ మాట నోట్లో ఉండగానే ఒక కాలితో తొడదాకా బురదలో దిగబడ్డాడు.

"లాగకండి! లాగితే ఇంకా దిగుతుంది."

"మరేం చెయ్యమంటావ్?"

"ఏమీ చెయ్యకండి."

"ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటానే?"

"పెళ్లయినప్పటి నుంచి నేనూ అదే చూద్దామనుకుంటున్నా!"

చెల్లెళ్లు కిసుక్కున నవ్వారు. ఆమె భర్త చేతిలో కర్ర లాక్కుని టీచరమ్మకిచ్చి, గడ్డం దాకా నీళ్లలో కూర్చుని, ఆయన కాలి చుట్టూ బురదను పైకి లేవనీయకుండా వేళ్లతో కొంచెం కొంచెంగా వదులు చేయసాగింది. తామూ దిగబడతామన్న భయంతో మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. కదిలేవాళ్లు లేరు, కెలికేవాళ్లు అంతకన్నా లేరు. మెల్లగా నీళ్లు తేరుకున్నాయి. ఒక చేప వచ్చింది. దాని వెనక మరొకటి. తర్వాత గుంపుగా వచ్చి, దిగబడని కాలి చుట్టూ తిరుగుతూ బూటు లేసు కొరికి చూశాయి.

ఆమె కిందనుంచి ఆయన మొహం చూసింది. ఆ మొహం అలా విప్పారడం ఎన్నడూ చూడలేదు. ఏదో అడగబోయింది.

"ష్!" అన్నాడాయన. "కాసేపు నా కాలు వదిలెయ్యవే. నువ్వు కదిలితే పోతాయి."

ఒడ్డెక్కాక ఒంటి తడి ఆరకముందే షాపు యజమానికి ఫోన్ చేసి, "కౌంటర్‌కి వేరే మనిషిని చూసుకోండి" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?" అని నిలదీశాడు.

"చెప్పలేదట వదినా! రోజూ అన్నం పెడుతూ చెప్పిందంతా గోడకి చెప్పానా?"

"పోనీలే, పంతం నెగ్గింది కదా. ఇంకా ఈ మండిపాటు దేనికి?" అంది ఆడపడుచు.

"నెగ్గిందా? సొంతానికి బూట్లు కొనుక్కొచ్చారు. ప్రతి ఆదివారం వస్తారట. నిన్న అద్దం ముందు నిలబడి, 'గుచ్చాలి గానీ కెలకకూడదు' అని జనానికి చెప్పడం సాధన చేస్తున్నారు. పైగా, నేను సరిగ్గా విడమరిచి చెప్పనట! నాకు, వదినా, నాకు!"

ఆడపడుచు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. ఆమె పైపు కట్టేసి, చేతులు చీరకు తుడుచుకుని, వీధి గుమ్మం దాకా వెంట వచ్చింది.

"వదినా, మీకు పుణ్యం ఉంటుంది. ఈ ఆదివారం పొద్దున్నే ఆయన్ని మీ ఇంటికి పిలిపించుకోండి. ఏదో ఒక పని చెప్పండి."

"మా ఇంట్లో టైల్స్ అన్నీ బాగానే ఉన్నాయే!"

"ఉన్నాయని మాత్రం ఆయనతో అనకండి. డొల్ల ఎక్కడుందో ఆయనే వెతుక్కుంటారు."