సూర్యకుమారి వేలం

సూర్యకుమారి చదివింది మూడో తరగతే గానీ, ఆమె ఇంగ్లీషు ముందు బందరు కాలేజీ కుర్రాళ్లు కూడా దిగదుడుపే. రోజూ చేపల తట్టతో గూడూరు బస్సెక్కి, వెనక సీట్లలోని ఆ కుర్రాళ్ల మాటలన్నీ పట్టేసి దిగేది. మాట తప్పినవాడు హ్యాండిచ్చినట్టు, గొప్పలకు పోయేవాడిది బిల్డప్పు, దేన్నయినా పట్టించుకోకపోతే లైట్ తీసుకున్నట్టు. దొరలు ఆ మాటలను అలా వాడతారో లేదో ఆమెకక్కర్లేదు. ఎదుటివాడు నవ్వితే చాలు.

"చేపలమ్ముకునేదానికి ఆ కూతలేంటే?" అని మామగారు బసవయ్య చిరాకు పడేవాడు. ముప్పయ్యేళ్లుగా పడవలొచ్చే వేళకు ఒడ్డున చేపల వేలం వేసేది ఆయనే. ఇల్లు గడిచేది చాలావరకు ఆ పని మీదే.

రెండు వేల మూడు వానాకాలంలో ఒక ఉదయం ఆయన గొంతు పూర్తిగా పోయింది. పడవలేమో వచ్చేశాయి. "నా మనిషి వేస్తాడు. ఇక రోజూ వాడే," అన్నాడు పెద్ద వ్యాపారి బాబూరావు. కొనేవాడి మనిషే వేలం వేస్తే ధర ఎటు పోతుందో వేరే చెప్పాలా? సూర్యకుమారి కొంగు బిగించి వెళ్లి పండుగప్ప చేపల గుట్ట పక్కన నిలబడింది. మగవాళ్ల పనికి ఆడమనిషా అని ఒడ్డంతా గొణిగింది.

"ఏంటి బాబూరావు గారూ, సైలెంటయ్యారు! చేపను చూసి ఫీలయ్యారా? అంత బిల్డప్పిచ్చి ఇప్పుడు హ్యాండిస్తే ఎట్టాగండీ?"

ఒడ్డు గొల్లుమంది. ఎంత ఆపుకున్నా ఆగక బాబూరావు కూడా తల ఊపుతూ నవ్వాడు. అక్కడ తల ఊపితే పాట పెంచినట్టే. తాతల నాటి కట్టుబాటు.

"పెంచారు!" అంది సూర్యకుమారి.

"నవ్వానంతేనమ్మా!"

"లైట్ తీసుకోండి. ఇయ్యాల సీనంతా మీదే!"

తల మళ్లీ ఊగింది, పాట మళ్లీ పెరిగింది. మిగతా వ్యాపారులు దవడలు రెండు చేతులా పట్టుకుని నవ్వారు. చివరికి గుట్ట బాబూరావుకే పడింది. పాపం, నవ్వుతూనే ఎత్తించుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున పెరట్లో కోళ్లను అదిలిస్తున్న బసవయ్య కేక విని సూర్యకుమారి నీరుగారిపోయింది. వేలం వేసిన ఆ మూడు రోజులూ తనకెంత సంతోషంగా గడిచాయో అప్పుడు తెలిసింది. ఆయన వెనకే ఒడ్డుకు నడిచింది.

"రా బసవయ్యా, మొదలెట్టు," అన్నారు పడవలవాళ్లు.

బసవయ్య ఐసు పెట్టె మీద తీరిగ్గా కూర్చుని, ఆ చివరి పడవదాకా వినపడేలా అరిచాడు.

"నాకింకా గొంతు రాలేదురా! మా కోడలే ఏసుద్ది!"